కమాను కింద నిలబడే మనిషి

నవంబరు 26

పెద్దమేస్త్రి అక్కకి,

చేరాను. నాతో పాటు పెట్టె కూడా చేరింది. దుప్పటి మాత్రం బస్సులో ఇంకెవరితోనో వెళ్ళిపోయింది. ఇక్కడ దుప్పటి పోవడమంటే ఏమిటో దిగిన గంటలోనే తెలిసింది.

పని ఇదీ. కొండ మీదికి వెళ్ళే రోడ్డుకి అడ్డంగా ఒక వాగు ఉంది. దాని మీద రెండు ఇటుక కమానులతో వంతెన కట్టాలి. నా కింద పదకొండు మంది. మేస్త్రీ అని ఎవరైనా పిలిస్తే, నా వెనకాల నువ్వున్నావేమోనని ఇంకా తిరిగి చూస్తున్నాను. సెంట్రింగ్ చెక్క ఒక్క కమానుకి సరిపడానే ఇచ్చారు. మొదటిది కట్టి, గట్టిపడ్డాక కింద చెక్కంతా విప్పి, దానితోనే రెండోది కట్టాలి. ఇంజినీరు కింది ఊళ్ళో ఉంటాడు. వారానికోసారి జీపులో వచ్చి, జీపు దిగకుండానే చూసి వెళ్తాడు. ఫోను కూడా ఆయన ఆఫీసులోనే ఉంది.

అసలు సంగతి చలి. ఇక్కడ చలికాలమంటే జనవరి ఆఖర్లో నాలుగు రోజులు మంచు పడటమేనట. ఈసారి నవంబరులోనే వచ్చి కూర్చుంది. మంచు లేదు, వాన లేదు, ఒట్టి చలి. పొద్దున డ్రమ్ములో నీళ్ళ మీద పెంకు కడుతోంది. తాపీ ఇనుము చేతికి అంటుకుంటోంది. మట్టం చూసుకునే గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి, ఎటు వంచినా అంతా సమంగానే ఉందని చూపిస్తోంది. మా కాపలా ముసలాయన మూడు కంబళ్ళు ఒకదాని మీద ఒకటి కప్పుకుంటాడు, అందుకని అందరూ కంబళి తాత అంటారు. నలభై ఏళ్ళలో ఇలాంటి చలి చూడలేదని ఆయనే అంటున్నాడు. చలికి చలిని కూడా తిట్టబుద్ధి కావడం లేదు, నోరు తెరిస్తే పళ్ళు జివ్వుమంటున్నాయి.

గోడకి ఇటుకల మధ్య పెట్టిన సిమెంటు మాలు రెండు రోజులైనా పచ్చిగానే ఉంటోంది. కమాను మొదలుపెట్టకముందే నిన్ను ఒకటి అడగాలి. సెంట్రింగ్ విప్పడానికి ఇంజినీరు ఇరవై ఎనిమిది రోజులని పుస్తకం చూసి చెప్పాడు. మన ఇంట్లో పుస్తకం లేదు, వేలు ఉంది. నాన్న తర్వాత ఆ వేలు నీదే. నేనెప్పుడూ పక్కన నిలబడి చూసినవాణ్ణే. ఎక్కడ నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి, వివరంగా రాయి. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


డిసెంబరు 4

బుజ్జిమేస్త్రికి,

నీ ఉత్తరంలో చలి అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో బావ లెక్కపెట్టి చెప్పాడు. గడియారాలు బాగుచేసే మనిషికి ఇలాంటి లెక్కలంటే సరదా. మాకు చలికాలమంటే సాయంత్రం ఒక స్వెట్టరు, అంతే. పగలు స్కూలు పైకప్పుకి పూత పూస్తుంటే ఆడవాళ్ళం ఆరుగురం చెమటతో తడిసిపోతున్నాం. నీ దగ్గర ఎక్కువైందంటున్నావు కాబట్టి కాస్త ఇటు పంపు.

నీళ్ళు కాచి మాలు కలుపు. ఇసుకని కూడా రేకు మీద పోసి వేడి చెయ్యి. కట్టినంత మేర గడ్డి పరిచి గోనెలు కప్పు. తాపీ పిడికి గుడ్డ చుట్టు. చొక్కా లోపల పాత పేపర్లు పెట్టుకో, ఏ వార్తలున్నా పరవాలేదు.

ఇక వేలు సంగతి. నాన్న నాకు చెప్పినట్టే చెబుతున్నాను. కింద నుంచి నాలుగో వరస, రెండు ఇటుకల మధ్య సందు. బొటనవేలు తడి చేసుకుని ఆ సందులో మాలు మీద ఆనించి, పది లెక్కపెట్టేదాకా నొక్కు. గోరు దిగకూడదు. వేలిముద్ర పడకూడదు. వేలికి ఇసుక అంటకూడదు. మూడూ కుదిరితే విప్పెయ్. ఇంజినీరు పుస్తకం రాసిన పెద్దమనిషి నీ కమానుని ముట్టుకుని చూశాడా? నాన్న ఏనాడూ క్యాలెండరు చూసి విప్పలేదు. ఆయన కట్టిన వాటిలో ఒక్కటి కూడా పడలేదు.

రెండో సంగతి నీకు తెలిసిందే, అయినా మేస్త్రివి అయ్యావు కాబట్టి రాస్తున్నాను. ఎవరి వేలు నొక్కిందో ఆ మనిషే కింద నిలబడాలి. చివరి గుంజని తాడు కట్టి బయటినుంచి లాగేటప్పుడు మేస్త్రి కమాను కింద, సరిగ్గా నడిమధ్య నిలబడి నూరు లెక్కపెట్టాలి. మిగతావాళ్ళంతా బయట ఉండాలి. నేను ఇప్పటికి ముప్పై రెండు సార్లు నిలబడ్డాను. రేపు నువ్వు కట్టిన వంతెన మీద ఎవరైనా నమ్మి నడవాలంటే, ముందు నువ్వు నమ్మాలి కదా.

రోజుకి రెండుసార్లు కమాను మీద నీళ్ళు కొట్టడం మరిచిపోకు. నువ్వు మరిచిపోతావు, నాకు తెలుసు.

అక్క


డిసెంబరు 21

అక్కా,

నీ మాట విని నీళ్ళు కొట్టాను. ఒక్క రోజే కొట్టాను. తెల్లారేసరికి కట్టినంత కమానూ గాజు తొడుక్కుని ఉంది. దాని మీద ఎక్కబోయి ఒకడు జారి గడ్డి కుప్పలో పడ్డాడు, దెబ్బలేం లేవు, తిట్లు మాత్రం చాలా ఉన్నాయి. అవన్నీ నీకే చెందుతాయని వాడికి చెప్పాను.

మిగతా సలహాలు పనికొచ్చాయి. పొద్దున పదికి మొదలుపెట్టి మూడుకి ఆపేస్తున్నాం. మొదటి గంట నీళ్ళు కాచడానికి, ఆఖరి గంట గోనెలు కప్పడానికి పోతోంది. ఇటుకల్ని కూడా పొయ్యి చుట్టూ పేర్చి వెచ్చబెడుతున్నాం. అందరూ చేతులకి మేజోళ్ళు తొడుక్కుని, వేళ్ళ దగ్గర కత్తిరించుకున్నారు. ఒకరి చేతులు తిమ్మిరెక్కితే ఇంకొకరు వెళ్ళి తాపీ అందుకుంటారు. భోజనాలు సెంట్రింగ్ కిందే, గాలి తగలని చోటు అదొక్కటే.

నీ ఉత్తరం మా వంటామె అందరికీ చదివి వినిపించింది. కళ్ళజోడు ఉన్నది ఆమె ఒక్కతికే అని చదవమని ఇచ్చాను, నాదే బుద్ధి తక్కువ. చొక్కాలో పేపర్ల సంగతి అందరికీ నచ్చింది. నాకు మాత్రం వేలు మేస్త్రి అని పేరు పడింది.

నిన్న మొదటి కమాను ఆఖరి ఇటుక బిగించాం. రెండు వైపులనుంచీ వచ్చిన వరసలు సరిగ్గా కలిశాయి. వేలెడు కూడా తేడా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, చలికి కొట్టారో సంతోషానికి కొట్టారో తెలియలేదు.

ఇటుక పట్టుకున్నానో లేదో కూడా కళ్ళతో చూసుకుంటే గానీ తెలియడం లేదు. ఒక్కోసారి ఇక్కడ నాకు బదులు నువ్వు ఉంటే బావుండేదని అనిపిస్తోంది.

తమ్ముడు


డిసెంబరు 28

ఒరేయ్,

నాకు బదులు నువ్వుంటే బావుండేది అంటే ఏమిటి అర్థం? పెట్టె సర్దుకుంటున్నావా? పదిహేనేళ్ళు నా వెనకాల మాలు మోసి, ఒక్క చలికాలానికే మేస్త్రిపని వద్దనుకుంటే నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోమంటావు? నిన్ను ఆ పనికి సిఫారసు చేసింది నేను. వాడు నా అంత పనివాడు అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం ఎక్కువే చెప్పానని నాకూ తెలుసు. దాన్ని నిజం చెయ్యడం నీ పని.

బావ నీ తరఫున మాట్లాడుతున్నాడు. చలికి గడియారంలో నూనె చిక్కబడి ముల్లు వెనకబడుతుంది, అలాంటప్పుడు మీ మాలుకి మాత్రం తేడా రాదా అంటాడు. నేను ముప్పై ఏళ్ళ పని చెబుతుంటే ఈయన ముల్లు సంగతి చెబుతున్నాడు.

ఇంజినీరు చెప్పినట్టు ఇరవై ఎనిమిది రోజులు ఆగితే మీ రెండో కమాను మంచు పడేలోపు ఎలాగూ అవదు. వేలు ఏం చెబితే అది విను. దేనికీ కంగారు పడకు, పనివాళ్ళ ముందు అసలే పడకు.

అక్క


జనవరి 2

అక్కా,

పెట్టె సర్దుకోలేదు. సర్దుకుందామన్నా దాని తాళం గడ్డకట్టి తెరుచుకోవడం లేదు. నేను రాసింది ఒకటి, నువ్వు చదివింది ఒకటి. సరే, తిట్లు పడ్డాయి కాబట్టి పని చెబుతాను.

ఈరోజు పదమూడో రోజు. పొద్దున వెళ్ళి గోనె తీసి, నాలుగో వరసలో నువ్వు చెప్పిన చోట నొక్కాను. పది కాదు, ఇరవై లెక్కపెట్టాను. గోరు దిగలేదు. ముద్ర పడలేదు. ఇసుక అంటలేదు. నాలుగు చోట్ల చూశాను. తాపీ వెనకవైపుతో కొడితే ఖణేల్‌మంది. నాన్న గోడల్లో కూడా ఇంత గట్టిదనం చూడలేదు. నన్ను చూసుకుని నేనే గర్వపడ్డాను, నువ్వు లేవు కాబట్టి ఎవరూ ఆపలేదు.

వడ్రంగి కింది ఊరినుంచి 9న వస్తాడు. ఆ రోజే విప్పుతాం. ఇంజినీరు పదిన వచ్చేసరికి చెక్కంతా రెండో కమాను కింద ఉంటుంది. చూశాక ఆయనేం అంటాడు? మధ్యాహ్నం పూట కూడా ఒకసారి నొక్కి చూడమని కంబళి తాత అన్నాడు. సూర్యుడు కనపడి ఇరవై రోజులైంది, ఇక్కడ పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా ఏముంది అన్నాను. ఆయన కంబళి సర్దుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కింద నిలబడాల్సింది నేనే అని గుర్తుంది. మనవాళ్ళకి ముందే చెప్పేశాను.

వేలు మేస్త్రి


జనవరి 7
(ఎక్స్‌ప్రెస్)

తమ్ముడూ,

విప్పకు. ముందు ఈ మాట చదువు, తర్వాత మిగతాది. విప్పకు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. చదివి నేనూ గర్వపడ్డాను, అది వేరే సంగతి. రెండు రోజులుగా మా దగ్గరకి కూడా ఎప్పుడూ లేని చలి వచ్చింది. నిన్న సాయంత్రం పని ఆపేటప్పుడు అరబకెట్టు మాలు మిగిలిపోయి ఆరుబయటే ఉండిపోయింది. పొద్దున వెళ్ళి చూస్తే బకెట్టులో రాయిలా ఉంది. ఊరికే బొటనవేలు పెట్టి నొక్కాను. గోరు దిగలేదు, ముద్ర పడలేదు, ఇసుక అంటలేదు. ఒక్క రాత్రిలో ఇంత గట్టిపడిందా అని నవ్వుకున్నాను. పదింటికి ఎండ వచ్చింది. పదకొండింటికి అదే బకెట్టులో వేలు పెడితే చెయ్యి మణికట్టు దాకా దిగింది.

అది గట్టిపడలేదు. గడ్డకట్టింది. నీ కమాను కూడా అంతే. దాన్ని పట్టి నిలబెట్టింది మాలు కాదు, చలి. ఎండ తగిలిందంటే లోపల అంతా బురదే. నాన్న వేలు తప్పు చెప్పలేదు, ఆయన ఎప్పుడూ ఇలాంటి చలిలో కట్టలేదు. నేనూ కట్టలేదు. కట్టనిదాన్ని ఎలా నీకు చెప్పానో తెలియదు.

నీ వేలికి స్పర్శ లేదని రాశావు. అది కూడా ఈరోజే మళ్ళీ చదివాను.

ఫోను చేద్దామంటే లైను దొరకలేదు. ఎక్స్‌ప్రెస్ అయితే రేపు సాయంత్రానికి చేరుతుందని పోస్టాఫీసు కిటికీలో మనిషి గట్టిగా చెప్పాడు. రెండుసార్లు అడిగాను. దాని కింద నిలబడకు.

అక్క


జనవరి 8

అక్కా,

నాలుగే మాటలు. ఈరోజు ఎండ వచ్చింది! పొద్దున తొమ్మిదికే ముఖాలకి తగిలింది. పనివాళ్ళు కోట్లు విప్పి గోడ మీద ఆరేశారు. వంటామె పొయ్యి బయటికి తెచ్చింది. కంబళి తాత ఒక కంబళి తీసేశాడు, అందరం చప్పట్లు కొట్టాం. వడ్రంగి ఈ సాయంత్రమే వస్తానని కబురు పంపాడు. రేపు మధ్యాహ్నం ఎండకి వేళ్ళు ఆడే వేళకి విప్పుతాం. అయిపోగానే రాస్తాను.

తమ్ముడు


జనవరి 12

అక్కా,

కమాను పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. వడ్రంగి చివరి గుంజని తాడుతో బయటినుంచి లాగాడు. నలభై ఒకటి లెక్కపెట్టేదాకా నిలిచింది. అప్పుడు ఎండ తగిలే వైపు ఇటుకల సందుల్లోంచి నీళ్ళు కారాయి, ఒక్క చప్పుడు, అంతే. నేను చప్పుడుకి బయటికి దూకాను. ఒంటి మీద గీత కూడా పడలేదు.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. మొదటిసారి జీపు దిగాడు. ఇరవై ఎనిమిది అని చెప్పాను కదా, ఇరవైకే ఎందుకు విప్పావని అడిగాడు. వేలితో చూశానని చెప్పాను. ఆయన నా చేతి వంక కాసేపు చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. ఇక ఇక్కడ నేను మేస్త్రిని కాను. కొత్త మేస్త్రి వచ్చేవారం వస్తాడు, ఆయన కింద తాపీ పట్టుకోవచ్చన్నాడు. సరేనన్నాను.

ఇప్పుడు ఇటుకలు ఏరి, మాలు గీకి, పేరుస్తున్నాం. ఎండ బాగా కాస్తోంది.

తమ్ముడు


జనవరి 20

నా తండ్రీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నలభై ఒకటి అన్నచోట ఆగిపోయి, మిగతాది బావ చేత చదివించుకున్నాను. బతికి ఉన్నావు కాబట్టే ఉత్తరం వచ్చిందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

నిలబడ్డావు. నూరు దాకా లెక్కపెట్టడానికి నిలబడ్డావు. అంత పెద్ద చప్పుడులో ఎటు దూకాలో తెలిసిందంటే నీకు నాకన్నా చురుకు ఎక్కువ. చిన్నప్పుడు మెట్టు దిగడానికి కూడా నా వేలు పట్టుకునేవాడివి. ఇక్కడ మా ఆడవాళ్ళందరికీ చెప్పాను, మా వాడు పడుతున్న కమాను కిందినుంచి బయటికి వచ్చాడని. నాన్న ఉంటే ఆ మాట ఒక్కటే పదిమందికి చెప్పుకుని తిరిగేవాడు. కమాను పోతే పోయింది, ఇంటి పద్ధతి నిలబెట్టావు.

మేస్త్రిపని పోయినందుకు బాధపడకు. నా ఎక్స్‌ప్రెస్ నీకు ఎప్పుడు అందింది? దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదే?

అక్క


జనవరి 25

అక్కా,

నీ ఎక్స్‌ప్రెస్ 17న అందింది. మెయిలు బస్సు కింద మలుపు దగ్గర చెడిపోయి వారం రోజులు అక్కడే ఉంది. చదివాను. ఏడున రాశావు. తొమ్మిదిన కమాను విప్పాం.

నిన్న ఇటుకల చీటీ ఇవ్వడానికి ఇంజినీరు ఆఫీసుకి వెళ్ళాను. ఆ వారమంతా ఫోను లైను బాగానే ఉందని గుమాస్తా చెప్పాడు. ఏడో తారీఖు మధ్యాహ్నం ఒక ఆడమనిషి ఫోను చేసిందట. హలో అంటే పలకలేదట. ఎవరండీ అని రెండుసార్లు అడిగితే పెట్టేసిందట. మీ ఇంటినుంచేమోనని నవ్వుతూ అన్నాడు. నేను కూడా నవ్వాను.

అది నువ్వేనా? నువ్వైతే ఎందుకు పెట్టేశావు? నా కింద పదకొండు మంది ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలు ఆ సెంట్రింగ్ కిందే అని నీకు రాశాను.

ఇంటి పద్ధతి, నాన్న, పదిమందికి చెప్పుకోవడం, ఇవేవీ ఇంకోసారి రాయకు.

తమ్ముడు


ఫిబ్రవరి 1

తమ్ముడూ,

నేనే.

లైను దొరకలేదని నీకు అబద్ధం రాశాను. బకెట్టు చూసిన గంటలోపే పోస్టాఫీసుకి వెళ్ళాను. నంబరు వెంటనే కలిసింది. అవతల మనిషి హలో అన్నాడు. నోరు తెరిచాను. అప్పుడు అనిపించింది, ఏమని చెప్పాలి? మీ మేస్త్రి మీ పుస్తకం పక్కన పెట్టి, ఎల్లుండి వేలు నమ్ముకుని కమాను విప్పబోతున్నాడు, ఆపండి అనాలి. ఆ మాట అన్నాక నువ్వు మేస్త్రిగా ఉండవు. నీకు ఆ పని ఇప్పించింది నేను, దాన్ని నేనే తీసేసినట్టు అవుతుంది. ఎక్స్‌ప్రెస్ ముందుగా చేరితే ఎవరికీ తెలియకుండానే అంతా సర్దుకుంటుంది, నువ్వే నీ చేత్తో ఆపినట్టు ఉంటుంది అనుకున్నాను. అవతల మనిషి ఎవరండీ అన్నాడు. పెట్టేశాను.

ఇంకో కారణం కూడా ఉంది, అది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే. వేలు తప్పు చెబుతుందని పరాయి మనిషికి నా నోటితో చెప్పలేకపోయాను.

ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయాక మళ్ళీ ఫోను చెయ్యొచ్చు. ఎనిమిదిన చెయ్యొచ్చు. తొమ్మిది పొద్దున చెయ్యొచ్చు. మూడుసార్లు చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. బావ వెళ్ళు అన్నాడు. చేరిపోయి ఉంటుందిలే అన్నాను.

నీ పనికీ నీ ప్రాణానికీ మధ్య నీ అక్క నిలబడి పని వైపు చూసింది. నువ్వు దూకావు కాబట్టి ఉన్నావు. దూకకపోతే ఏమయ్యేదో రోజూ అనుకుంటున్నాను. మొన్న ఇంట్లో ఉప్పు డబ్బా కిందపడితే కూడా నలభై ఒకటి అన్నాను.

నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. ఎన్ని రోజులు పలకకుండా ఉంటావో ఉండు. కాళ్ళకి మాత్రం రెండు జతల మేజోళ్ళు వేసుకో.

అక్క


ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నువ్వు రాయకపోతే నేను రాయకూడదని ఎక్కడా లేదు. బావ గడియారం పైకప్పు మీద పెట్టి, పొద్దునకీ మధ్యాహ్నానికీ ఎంత తేడా వస్తుందో చూస్తున్నాడు. చలి ఇక్కడ తగ్గింది. స్కూలు పని అయిపోయింది. పోయిన నెలాఖర్లో ఒక ఇంటికి పోర్టికో కమాను కట్టాం, ఇంకా సెంట్రింగ్ మీదే ఉంది.

నీకు నా మీద కోపమని తెలుసు. ఒక కార్డు మీద కోపంగా ఉన్నాను అని రాసి పడేసినా చాలు.

అక్క


ఫిబ్రవరి 18

అక్కా,

కోపం లేదు. మొదటి రెండు రోజులు ఉండేది. తర్వాత రాయకపోవడానికి కారణం కోపం కాదు. నీ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను, తీసి జవాబు రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు నేను కింద నిలబడలేదు.

వడ్రంగి తాడు బిగించాడు. మనవాళ్ళంతా బయట వరసగా నిలబడి నా వంక చూస్తున్నారు. నేను కమాను కిందికి నడిచాను, నడిమధ్యకి వచ్చాను, పైకి చూశాను. ఒక చుక్క నీళ్ళు చెంప మీద పడింది. మంచు కరిగి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకుంటూనే బయటికి నడిచేశాను. బూటు లేసు ఊడిందని అందరికీ వినపడేలా చెప్పి, వాగు గట్టు మీద కూర్చుని, ఊడని లేసుని ఊడదీసి కట్టుకోవడం మొదలుపెట్టాను. కడుతూనే కానివ్వమని వడ్రంగికి చెయ్యి ఊపాను. వాడు లాగాడు. లేసు కట్టుకుంటూనే లెక్కపెట్టాను. నలభై ఒకటికి నేను నిలబడాల్సిన చోట మనిషెత్తు ఇటుకల కుప్ప ఉంది.

నీ వేలైతే నిలబడేవాణ్ణి అక్కా. చిన్నప్పటినుంచీ నువ్వు నిలబడినప్పుడు నూరు దాకా నాకు ఏనాడూ భయం వెయ్యలేదు. అది నా వేలు, అందుకే నిలబడలేదు. పిరికితనం తప్ప దానికి ఇంకో పేరు లేదు. కంబళి తాత నా పక్కన కూర్చుని, రెండో లేసు కూడా కట్టుకో నాయనా అన్నాడు, అంతే.

నీకు దూకానని రాశాను. తర్వాత నువ్వు పదిమందికి చెప్పానని, నాన్న ఉంటే గర్వపడేవాడని రాశావు. ఆ ఉత్తరం చదివాక నీ ఫోను మీద కోపం తెచ్చుకోవడం తేలికైంది. అదే చేశాను. తర్వాత నువ్వు నిజం రాశావు. నువ్వు రోజూ నన్ను ఆ ఇటుకల కింద పెట్టుకుని కుమిలిపోతున్నావు, నేను అక్కడ లేనే లేను.

కొత్త మేస్త్రి మంచివాడు. గుడారంలా టార్పాలిన్ కప్పించి, లోపల రెండు బొగ్గు కుంపట్లు పెట్టించాడు. రోజులు గోడ మీద సుద్దతో గీస్తాడు. ఈరోజుకి పదకొండు గీతలు. ఎవరూ వేలు పెట్టడం లేదు.

ఇక నీకు కోపం వస్తే తిట్టు.

తమ్ముడు


ఫిబ్రవరి 26

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి బావ ముందే ఏడ్చాను. ఇరవై ఏళ్ళలో ఆయన ముందు ఏడవడం ఇదే మొదటిసారి, పాపం చేతిలో ఉన్న గడియారం కింద పడేసుకున్నాడు. నువ్వు అక్కడ లేవు. ఇన్ని రోజులూ నిన్ను అక్కడే నిలబెట్టి చూస్తున్నాను, నువ్వు గట్టు మీద లేసు కట్టుకుంటున్నావు. ఇంత మంచి వార్త నాకు ఈ మధ్య ఎవరూ రాయలేదు.

పిరికివాణ్ణని సిగ్గుపడ్డావు కాబట్టి నీకొకటి చెప్పాలి. బావకి కూడా చెప్పలేదు. మొదటిసారి నాన్న నన్ను కమాను కింద నిలబెట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటే, లంగా ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. తర్వాత అలవాటవుతుందని నాన్న అన్నాడు. అవలేదు. ముప్పై రెండుసార్లూ అంతే. నూరు అని ఆయన చెప్పాడు కదా, నేను ఒక్కసారి కూడా నూరు లెక్కపెట్టలేదు. ఇరవై దాకా సరిగ్గా చెప్పి, అక్కడినుంచి అంకెలు దాటేసుకుంటూ వెళ్ళి, తొంభై ఎనిమిది తొంభై తొమ్మిది మాత్రం అందరికీ వినపడేలా గట్టిగా అనేదాన్ని. బయట నువ్వు నిలబడి నవ్వుతూ చూస్తుండేవాడివి. నువ్వు చూస్తున్నావనే నిలబడేదాన్ని.

నాన్నకి భయం వేసేదో లేదో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి లేదు.

రేపు పోర్టికో కమాను విప్పుతున్నాం. ఇరవై ఎనిమిది రోజులు ఆగాను, బావ క్యాలెండరులో కొట్టేస్తూ వచ్చాడు. వేలు కూడా పెట్టాను, దాని మర్యాద దానికి ఉంది. మా ఆడవాళ్ళు మామూలుగానే నేను కిందికి వెళతానని చూస్తారు. నేను వెళ్ళను. వాళ్ళ పక్కనే బయట నిలబడతాను. ఎందుకని ఎవరైనా అడిగితే భయం అని చెబుతాను.

నీ గోడ మీద ఇరవై ఎనిమిదో గీత పడ్డాక అక్కడా విప్పుతారు కదా, నువ్వు కూడా అందరితో పాటు దూరంగా నిలబడు. లేసు కట్టుకోవాల్సిన పని లేదు, ఊరికే నిలబడు.

నీకంటే పిరికిదైన
అక్క